వియన్నాలో యూరో హ్యాండ్‌బాల్ ఫైనల్: ఆటకి నూటికి నూరు, అపార్ట్‌మెంటుకి సున్నా

నెల దాటినా కోపం తగ్గలేదు కాబట్టి ముందు ఆ అపార్ట్‌మెంటు సంగతే చెబుతాను.

2024 డిసెంబర్ 14, శనివారం. మ్యూనిక్ నుంచి నేను, మా ఆయన, తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అత్తయ్య వియన్నా వెళ్లాం. మర్నాడు అక్కడి స్టాడ్‌హాలె అనే పెద్ద ఇండోర్ హాల్లో మహిళల యూరోపియన్ హ్యాండ్‌బాల్ (బంతిని చేత్తో విసిరి గోల్ చేసే ఆట) ఛాంపియన్‌షిప్ ఫైనల్. రైల్లో నాలుగు గంటల ప్రయాణం. టికెట్లు ముందే కొన్నాం, ముగ్గురికీ రానూపోనూ 209.40 యూరోలు. అత్తయ్య చేసిన పులిహోర తింటూ హాయిగా దిగాం.

హాయి అక్కడితో సరి. ఆన్‌లైన్‌లో బుక్ చేసిన అపార్ట్‌మెంటు ప్రకటనలో ‘స్టాడ్‌హాలెకి ఐదు నిమిషాలు, రెండు గదులు, వంటగది, హీటింగ్’ అని ఉంది. రెండు రాత్రులకు 236 యూరోలు, క్లీనింగ్ పేరుతో ఇంకో 65. మొత్తం 301 ముందే కట్టించుకున్నారు. తాళంచెవి గుమ్మం పక్కన నంబర్ల పెట్టెలో ఉంటుందన్నారు. వాళ్లిచ్చిన నంబరుతో పెట్టె తెరుచుకోలేదు. ఓనరు ఫోన్ ఎత్తడు. అరవై నాలుగేళ్ల అత్తయ్యని ఆ చలిలో, వీధిలో యాభై నిమిషాలు నిలబెట్టాం. చివరికి ‘కోడ్ మార్చాం’ అని ఒక ముక్క మెసేజ్, కొత్త నంబరు. క్షమించమన్న మాట లేదు.

లిఫ్టు లేదు, మూడో అంతస్తు. లోపలికి వెళ్తే రెండో గది అనేది లేనే లేదు. హాల్లో ఒక కర్టెన్ కట్టి, దాని వెనక సోఫా వేశారు. రేడియేటరు ముట్టుకుంటే రాయిలా చల్లగా ఉంది. మెసేజ్ పెడితే బాయిలర్ మీద ఏ బటన్ నొక్కాలో ఫోటో పంపాడు. మా ఆయన ఆ బటన్ పదిసార్లు నొక్కారు, వెచ్చబడలేదు. టేబుల్ మీద ఒక కాగితం: దుప్పట్లకు, తువ్వాళ్లకు 30 యూరోలు, నగదుగా ఇక్కడ పెట్టండి. ప్రకటనలో ఎక్కడా లేని లెక్క ఇది. నేను పెట్టలేదు. ఐదు నిమిషాలన్నది కూడా కార్లో వెళ్తేనట. మేం నడిచి చూస్తే ముప్పై అయిదు పట్టింది.

ఆ రాత్రి అత్తయ్య స్వెట్టరు, దాని మీద కోటు, రెండు జతల సాక్సులు వేసుకుని పడుకున్నారు. “నాకేం పర్లేదమ్మాయ్, మీరు పడుకోండి” అంటూనే ఉన్నారు. తెల్లవార్లూ ఆవిడ దగ్గు వినపడుతూనే ఉంది. బుక్ చేసేటప్పుడు హోటల్ తీసుకుందామన్నది మా ఆయన. అత్తయ్య మాంసం ముట్టరు, వంటగది ఉండాల్సిందేనని పట్టుబట్టింది నేను. ఆయన ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాలుగు మాటలు అనేస్తే బాగుండుననిపించింది.

ఆదివారం పొద్దున్నే రెండో రాత్రి డబ్బులు పోతే పోయాయని బయటపడ్డాం. వెస్ట్‌బాన్‌హోఫ్ స్టేషన్ పక్క వీధిలో ఒక చిన్న హోటల్. ముగ్గురికి ఒక గది, టిఫిన్‌తో కలిపి 118 యూరోలు. గది మూడింటికి గానీ ఇవ్వరని బోర్డు ఉంది. కౌంటర్లో ఉన్నామె అత్తయ్య దగ్గు విని పదకొండింటికే తాళం ఇచ్చింది. అడక్కుండానే ఫ్లాస్కులో వేడినీళ్లు పంపింది. గదిలోకి వెళ్లగానే అత్తయ్య రేడియేటరుకు వీపు ఆనించి పావుగంట అలాగే నిలబడ్డారు. వియన్నాలో మ్యాచ్ చూడటానికి వెళ్లేవాళ్లు వెస్ట్‌బాన్‌హోఫ్ చుట్టుపక్కలే ఉండండి. యూ6 మెట్రోలో తర్వాతి స్టేషనే బుర్గ్‌గాసె-స్టాడ్‌హాలె, నడిచినా పది నిమిషాలు. మేం 48 గంటల మెట్రో టికెట్ తీసుకున్నాం, మనిషికి 14.10. అప్పట్లో ఇంకో మూడు యూరోలు వేస్తే 72 గంటలది వచ్చేది, అదే తీసుకోవాల్సింది. కాగితం టికెట్ కొంటే మొదటిసారి ఎక్కేముందు మెషీన్లో స్టాంపు వేయించుకోవడం మరిచిపోవద్దు. ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు, పెద్ద స్టేషన్లలోవి తప్ప. మంచినీళ్లు మాత్రం కొనకండి. కుళాయిలో వచ్చేది ఆల్ప్స్ కొండల ఊటనీరు, అంత రుచైన కుళాయి నీళ్లు నేనెక్కడా తాగలేదు.

ఇక ఆట. తెనాలిలో హైస్కూల్లో చదివేటప్పుడు నేను హ్యాండ్‌బాల్ ఆడాను, లెఫ్ట్ వింగ్‌లో, అంటే ఎడమ అంచున. మట్టి గ్రౌండులో గోల్‌కి 6 మీటర్ల దూరంలో పీఈటీ సారు సున్నంతో గీసిన గీత దగ్గర మోకాళ్లు ఎన్నిసార్లు చెక్కుకుపోయాయో. ఆ గీత లోపల గోల్‌కీపరు తప్ప ఎవరూ కాలు పెట్టకూడదు. కానీ గీత బయట నుంచి ఎగిరి, కింద పడేలోపు గాల్లోనే బంతి విసరొచ్చు. ఈ ఆటకి అందమంతా ఆ ఎగరడంలోనే ఉంది. అదే ఎగరడం ఆ హాల్లో, లైట్ల వెలుగులో చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది. టికెట్ మనిషికి 59 యూరోలు, పైవరస సీట్లు, కాంస్య పతకం మ్యాచ్, ఫైనల్ రెండిటికీ కలిపి. ప్రతి పైసా గిట్టుబాటైంది.

ఆస్ట్రియా, హంగరీ, స్విట్జర్లాండ్ కలిసి నిర్వహించిన టోర్నీ ఇది. మొదటిసారి 24 జట్లు ఆడాయి. కాంస్యం కోసం హంగరీ, ఫ్రాన్స్ తలపడ్డాయి. బుడాపెస్ట్ నుంచి వియన్నాకి రైల్లో మూడు గంటలు కూడా పట్టదు, ఊరు ఊరంతా కదిలొచ్చినట్టు వచ్చారు హంగరీ జనం. ‘రియా, రియా, హుంగారియా!’ అని వాళ్లు అరుస్తుంటే కాళ్ల కింద మెట్లు అదిరాయి. ఫ్రాన్స్ అంటే 2023 ప్రపంచ ఛాంపియన్లు. వాళ్ల మీద హంగరీ 25-24తో, ఒక్క గోల్ తేడాతో గెలిచింది. 2012 తర్వాత ఈ టోర్నీలో వాళ్లకి ఇదే మొదటి పతకం. మా పక్క సీటు పెద్దాయన ఏడుస్తూ అత్తయ్య చేతులు పట్టుకుని హంగేరియన్‌లో ఏదో చెప్పాడు. అత్తయ్య తెలుగులోనే “మంచిది నాయనా, మంచిది” అన్నారు.

ఫైనల్ నార్వే, డెన్మార్క్ మధ్య. బంతి పట్టుకుని మూడడుగులకు మించి నడవకూడదు, మూడు సెకన్లకు మించి చేతిలో ఉంచుకోకూడదు, పెద్ద తప్పు చేస్తే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి అని అత్తయ్యకు అప్పటికే చెప్పాను. ఫైనల్ మొదలయ్యాక ఆవిడే నాకు చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ చూపంతా నార్వే గోల్‌కీపరు కాట్రీనే లుండె మీదే.

“ఆ అమ్మాయికి ఎన్నేళ్లు?”

“నలభై నాలుగు అత్తయ్యా. ఒక కూతురు కూడా ఉంది.”

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత లుండె ఆపిన ప్రతి బంతికీ సీట్లోంచి లేచారు. ముందు రాత్రి వణికిపోయిన మనిషేనా అనిపించింది. 31-23తో నార్వే గెలిచింది. యూరోపియన్ టైటిల్ వాళ్లకిది పదోది, అదే ఏడాది ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ స్వర్ణం కూడా వాళ్లదే. 2009 నుంచి జట్టును నడిపించిన ఐస్‌లాండ్ కోచ్ తోరిర్ హెర్గెయిర్సన్‌కి అదే ఆఖరి మ్యాచ్. ఆడపిల్లల ఆట చూడటానికి అంత పెద్ద హాలుకి ఇంతమంది వస్తారా అని మా ఆయన తిరిగొచ్చేటప్పుడు రెండుమూడు సార్లు అన్నారు. అదే నెలలో మన ఢిల్లీలో ఆసియా మహిళల హ్యాండ్‌బాల్ ఛాంపియన్‌షిప్ జరిగింది, జపాన్ గెలిచింది. మా స్కూలు టీమ్ వాట్సాప్ గ్రూపులో ఒక్కరికి కూడా ఆ సంగతి తెలియదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

రాత్రి హోటల్ దగ్గర కైజర్‌ష్మార్న్ తిన్నాం. మందపాటి తియ్యటి అట్టును పెనం మీదే ముక్కలు చేసి, పంచదార పొడి చల్లి, ఉడికించిన ప్లమ్ పళ్లతో ఇస్తారు. 14.90 యూరోలు, ఒక ప్లేటు ఇద్దరికి చాలు. గుడ్డు వేస్తారు, తినని వాళ్లు ముందే కనుక్కోండి.

అపార్ట్‌మెంటు మీద ఫోటోలతో ఫిర్యాదు పెట్టాను. రెండో రాత్రి అద్దె 118 అడిగితే మూడు వారాల తర్వాత 48 యూరోలు వెనక్కిచ్చారు. మిగతా వాటికోసం ఇంకా మెయిళ్లు పెడుతూనే ఉన్నాను. అద్దెకి తీసుకునే ముందు రెండు సంగతులు రాతపూర్వకంగా అడగండి: హాలుకి నడక దూరం ఎంత, నగదుగా ఇవ్వాల్సింది ఏమైనా ఉందా. జవాబు తిప్పి చెబితే వదిలేయండి.

అత్తయ్య జనవరిలో తెనాలి వెళ్లిపోయారు. మొన్న ఫోన్లో, ఆ టోర్నీ మళ్లీ ఎప్పుడని అడిగారు. 2026 డిసెంబర్‌లో, ఫైనల్ పోలండ్‌లోని కటోవిట్సెలో అని చెప్పాను.

“అక్కడ చలి ఇంకా ఎక్కువటగా. ఈసారి హోటలే చూడమ్మాయ్” అన్నారు.