డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం: పిల్లలతో కలిసి తిన్నాక రాసిన సమీక్ష

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న మధ్యాహ్న భోజనానికి ఉప్పూకారం చూసి మార్కులు వేయడం తేలికే గాని, ఈ పథకం ఏ పనికోసం పుట్టిందో ఆ లెక్కలో కనబడదు. తెల్లవారగానే కూలికి బయలుదేరే తల్లి మధ్యాహ్నానికి వేరే వండి పెట్టే వీలుండదు. అలాంటి ఇంటి బిడ్డ మధ్యాహ్నం గంట కొట్టాక ఆకలితో ఇంటికి వెళ్తే, మళ్లీ బడి గడప తొక్కుతాడన్న నమ్మకం లేదు. అందువల్ల భోజనం తర్వాత తరగతి గది నిండుగా ఉంటోందా, పిల్లలు పాఠం మీద మనసు పెట్టగలుగుతున్నారా అన్నవే ఈ సేవకు సరైన కొలతలని నా అభిప్రాయం. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లోని ఒక ఉన్నత పాఠశాలలో పలుమార్లు పిల్లల వరుసలోనే కూర్చుని తిన్నాక, ఈ రెండింటిలోనూ పథకం నెగ్గిందనే చెబుతాను.

ముందు పళ్లెంలో పడేదాని సంగతి చూద్దాం. జాతీయ నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు పూటకు 100 గ్రాముల బియ్యం, 450 క్యాలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 150 గ్రాముల బియ్యం, 700 క్యాలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలి. చాలాకాలం ఈ అంకెలు కాగితం మీద సరిపోయినా పళ్లెంలో సరిపోలేదు. రేషన్ దొడ్డు బియ్యం ఉడికి ముద్ద కట్టేది, పిల్లలు సగం పారబోసేవారు. 2025 జూన్‌లో బడులు తెరిచినప్పటి నుంచి సన్నబియ్యం ఇస్తుండడంతో ఆ పారబోత బాగా తగ్గింది. నాకు కనిపించిన మార్పుల్లో పెద్దది ఇదే, ఎందుకంటే పిల్లవాడి కడుపులోకి వెళ్లని పోషకాలకు లెక్క ఎంత రాసుకున్నా ప్రయోజనం లేదు. సాంబారు చిక్కదనం రోజుకో రకంగా ఉంటుంది. ఆకుకూర పప్పు బాగుంటుంది. కూరగాయల అన్నంలో కూరగాయలను వెతుక్కోవలసి వచ్చిన రోజులూ లేకపోలేదు.

అయితే ఈ భోజనానికి అసలు బలం వారానికి ఐదు రోజులు ఇచ్చే కోడిగుడ్డు. చాలా ఇళ్లలో గుడ్డు ఎప్పుడో ఒకసారి వండుకునేది, వండినా ఆడపిల్ల వంతు చివరికి వచ్చేది. బడిలో మాత్రం ప్రతి పళ్లెంలోనూ ఒక గుడ్డు, అదీ కోసి పంచకుండా, పడుతుంది. దీనికి తోడు మూడు రోజులు వేరుశనగ చిక్కీ, మూడు రోజులు పొద్దున రాగి జావ ఇస్తున్నారు. 2023 మార్చిలో మొదలైన ఈ జావను కొందరు చిన్నచూపు చూస్తారు గాని, ఏమీ తినకుండా బడికి వచ్చే పిల్లలకు మొదటి రెండు పీరియడ్లు గడవడానికి అదే ఆధారం. పొరుగున తమిళనాడు 2022 నుంచి ప్రాథమిక బడుల్లో ఏకంగా ఉదయపు అల్పాహారమే పెడుతోంది. వారంలో మూడు రోజుల జావను ఆరు రోజులకు పెంచినా మన పిల్లలకు చాలా మేలు జరుగుతుంది.

ఈ అన్నం ఎవరి దయా కాదన్నది గుర్తుంచుకోవాలి. కేంద్రం 1995 ఆగస్టు 15న పథకం ప్రారంభించినా చాలా రాష్ట్రాలు పిల్లల చేతికి ముడి ధాన్యం ఇచ్చి ఊరుకున్నాయి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించాక గాని పరిస్థితి మారలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో వండి వడ్డించడం మొదలైంది. ఫలితం ఎంతవరకు ఉందో చూపే పరిశోధన కూడా మన నేల మీదే జరిగింది. ఇక్కడి పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనపు సమాచారాన్ని విశ్లేషించినవారు, పసితనంలో కరువు దెబ్బ తిన్న పిల్లల ఎదుగుదల లోటును బడి భోజనం చాలావరకు పూడ్చిందని తేల్చారు. దేశవ్యాప్త సమాచారంతో 2019లో వెలువడిన మరో పరిశోధనలో, ఏడాదిలోపే ఈ భోజనం అందినవారి కంటే ఐదేళ్ల వరకు అందిన పిల్లల చదివే సామర్థ్యం 18 శాతం, లెక్కల సామర్థ్యం 9 శాతం ఎక్కువగా కనిపించింది. హాజరు పెరగడం సరే, చదువు కూడా ఒంటబడుతోందనడానికి ఇది గట్టి ఆధారం.

ఒకే వరుసలో కూర్చుని తినడం మరో లాభం. వంటవారి నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వంట తినొద్దని పిల్లలను ఆపే పెద్దలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. పిల్లల్లో మాత్రం నాకు ఆ పట్టింపు కనిపించలేదు.

భోజనం చేయలేని పనీ ఒకటి ఉంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల కుటుంబాలు మిరప కోతల కాలంలో గుంటూరు వైపు వలస వెళ్తాయి. వెళ్తూ వెళ్తూ పిల్లలనూ వెంట తీసుకుపోతే, ఇక్కడ హాజరు పట్టీలో పేర్లు మిగులుతాయి గాని పళ్లేలు ఖాళీగానే ఉంటాయి. మధ్యాహ్నం ఒక్క పూట అన్నం పెట్టి, రాత్రి అన్నానికీ నిద్రకూ చోటు చూపించకపోతే తల్లి ఆ బిడ్డను ఊళ్లో వదిలి వెళ్లలేదు. సీజనల్ హాస్టళ్లు కోతలు మొదలయ్యేనాటికే తెరిస్తే తప్ప ఈ పిల్లలకు బడి భోజనం పూర్తిగా అక్కరకు రాదు.

నేను మార్కులు బాగా తగ్గించేది వంట ఏజెన్సీ నడిపే మహిళల విషయంలో. వీరిలో ఎక్కువమంది పొదుపు సంఘాల సభ్యులు. ఉదయమే వచ్చి పొయ్యి దగ్గర నిలబడితే గిన్నెలు కడిగి వెళ్లేసరికి సాయంత్రమవుతుంది. దానికి నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. కేంద్ర నిబంధనలో ఉన్న 1,000 రూపాయల కంటే ఇది మెరుగే అయినా, ఏ కూలి లెక్కకూ సరితూగదు. పప్పు, కూరగాయలు, నూనె, వంటచెరకు లేదా గ్యాస్‌కు 2025 మే నుంచి ప్రాథమిక తరగతుల్లో ఒక్కో పిల్లవాడికి రోజుకు 6.78 రూపాయలు, ఆపై ఎనిమిది వరకు 10.17 రూపాయలు ఖరారు చేశారు. కందిపప్పు ధర పెరిగినప్పుడు సాంబారు ఎందుకు పలచబడుతుందో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది. బిల్లులు ఆలస్యమైతే కిరాణా కొట్టులో అప్పు తెచ్చి వండేదీ వాళ్లే. పిల్లల ఆకలికి ఇచ్చిన గ్యారంటీని ఇలా పేద ఆడవాళ్ల అప్పు మీద నడపడం న్యాయం కాదు.

పిల్లలను ప్రభుత్వ బడిలో చేర్పించాలని ఆలోచిస్తున్న తల్లిదండ్రులు ఒకసారి భోజన వేళకు వెళ్లి చూడాలి. బియ్యం బస్తాలు నేలకు ఎత్తుగా పేర్చారా, తాగునీరు ఎక్కడిది, వడ్డించేముందు ఉపాధ్యాయులెవరైనా రుచి చూశారా అన్నవి అడగవలసిన ప్రశ్నలే. 2013 జూలైలో బీహార్‌లోని ఛప్రా దగ్గర పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు కనుక, ఈ ముందస్తు రుచిని మొక్కుబడి తంతుగా వదిలేయకూడదు. సరైన జవాబు రాకపోతే పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో అడగవచ్చు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులే.