పాత హోటలా, లగ్జరీ హోటలా: ఏది మేలు?

టికెట్లు తీసుకున్నారు, సెలవు దొరికింది, ఇక బస ఒక్కటే తేలాలి. ఊరి నడిబొడ్డున వందేళ్ల నాటి కట్టడంలో ఒక చిన్న హోటల్ ఉంది, అద్దె తక్కువ. ఊరి చివర ఈత కొలను, మెత్తటి పరుపులు, పిలిస్తే పలికే సిబ్బందితో ఐదు నక్షత్రాల హోటల్ ఉంది. అక్కడ ఒక్క రాత్రికి పెట్టే డబ్బుతో ఇక్కడ మూడు నాలుగు రాత్రులు ఉండొచ్చు. ఎందులో దిగాలి? ప్రయాణం పెట్టుకున్న ప్రతివాళ్లూ నన్ను అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్ల గొంతులో కాస్త టెన్షన్ కూడా వినిపిస్తుంది. తక్కువ అద్దెకు ఆశపడితే ప్రయాణం మొత్తం పాడవుతుందేమోనని.

నా మాట ముందే చెప్పేస్తాను. వెళ్లేది ఊరు చూడటానికైతే, మెట్లెక్కే ఓపిక ఉంటే, పాత హోటలే మేలు. ఇక్కడ పాత హోటల్ అంటే పట్టించుకోక పాడుబడ్డ లాడ్జి అని కాదు. ఒకప్పుడు హోటల్‌గానో, పెద్ద కుటుంబం ఇల్లుగానో కట్టించి, ఇప్పటికీ రోజూ ఊడ్చి తుడిచి, రంగులు వేయించి నడుపుతున్న కట్టడం. వయసు వేరు, నిర్లక్ష్యం వేరు. రెండోదాన్ని ‘పాతకాలపు అందం’ పేరుతో అంటగట్టే చోట్లూ ఉంటాయి కాబట్టి చూసుకోవాలి. వాటిని ఎలా పసిగట్టాలో తర్వాత చెబుతాను.

ముందు లగ్జరీ హోటల్‌కి దక్కాల్సిన మార్కులు ఇచ్చేద్దాం. అక్కడ నిద్ర బాగా పడుతుంది. గోడ అవతల ఎవరున్నారో తెలియదు. అర్ధరాత్రి రెండింటికి దిగినా నవ్వుతూ తాళం చేతికిస్తారు. వేడినీళ్లు కుళాయి తిప్పగానే వస్తాయి. ఏదైనా తేడా వస్తే నిమిషాల్లో గది మారుస్తారు. దొరకని టికెట్లు సంపాదించి పెట్టడంలోనూ వాళ్లది అందెవేసిన చెయ్యి. ఊరు మారినా, దేశం మారినా గది మాత్రం దాదాపు అదే. ఆ భరోసాకే అంత అద్దె. దాన్ని నేను చిన్నచూపు చూడను.

అయినా నా లెక్కలో ఇవేవీ తేల్చే విషయాలు కావు. తేల్చేది ఒక్కటే: మధ్యాహ్నం గదికి తిరిగి రాగలమా, లేదా?

ఊరు చూడటానికి మంచి వేళలు రెండు. పొద్దున్నే ఒకటి, సాయంత్రం నుంచి రాత్రి వరకు ఒకటి. మధ్యలో ఎండ, రద్దీ, కాళ్ల నొప్పులు, ఆకలి, చిరాకు. నడిబొడ్డున బస ఉంటే తెల్లవారకముందే లేచి వీధుల్లోకి నడుస్తాం, అంగళ్లు తలుపులు తీయడం చూస్తాం, పదకొండింటికల్లా గదికి వచ్చి స్నానం చేసి ఒక కునుకు తీస్తాం. నాలుగింటికి కొత్త మనుషుల్లా మళ్లీ బయల్దేరతాం. రాత్రి ఎంతసేపు తిరిగినా పది నిమిషాల నడకలో మంచం. ఊరి చివర దిగినవాళ్లకు ఈ వీలుండదు. ఒక్కసారి బయటికి వచ్చారంటే ఆ రోజుకు అదే. చేతిలో సంచులు, నీళ్ల సీసాలు మోసుకుంటూ పది గంటలు తిరగాలి, సాయంత్రం రద్దీలో గంట ప్రయాణం చేసి గదికి చేరాలి. చేరాక మళ్లీ బయటికి వెళ్లబుద్ధి కాదు. అంత డబ్బు పోసిన కొలను, తోట ఎదురుగా ఉన్నాయి కాబట్టి అక్కడే ఉండిపోతారు. ఊళ్లో రాత్రి ఎలా ఉంటుందో చూడకుండానే తిరిగి వచ్చేస్తారు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలు పడుకున్న పిల్లవాడికీ, పడుకోని పిల్లవాడికీ సాయంత్రం పోలికే ఉండదు.

పాత హోటళ్లు నడిబొడ్డునే ఎందుకుంటాయి? అది యాదృచ్ఛికం కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రయాణికుడు రైల్లోనో ఓడలోనో దిగేవాడు. బరువైన పెట్టెలతో ఎక్కువ దూరం పోలేడు. అందుకే స్టేషన్ ఎదురుగా, రేవు పక్కన, సంతవీధుల్లో, కచేరీల చుట్టూ హోటళ్లు లేచాయి. ఆ తర్వాత ఊళ్లు పెరిగాయి, నడిబొడ్డున స్థలం బంగారమైంది. ఇప్పటి లగ్జరీ హోటల్‌కి వందలాది గదులు, సభల హాళ్లు, కార్లు నిలిపే చోటు, కొలను అన్నీ కావాలి. అంత నేల పాత బజారులో ఎక్కడ దొరుకుతుంది? చాలా ఊళ్లలో విమానాశ్రయం దారి పట్టక తప్పలేదు. అంటే పాత హోటల్లో మనకు దొరికే అసలు సంపద దాని నగిషీల్లో లేదు, అది నిలబడ్డ చోటులో ఉంది. ఆ చోటును ఇవాళ ఎంత డబ్బు పోసినా కొత్తగా కొనలేరు.

రెండో సంగతి గాలి. అమెరికన్ ఇంజనీర్ విల్లిస్ క్యారియర్ ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం ఆధునిక ఎయిర్ కండిషనింగ్‌ను రూపొందించింది 1902లో. హోటల్ గదుల దాకా అది రావడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. అంతకుముందు కట్టినవాళ్లు చల్లదనాన్ని కట్టడంలోనే తెచ్చుకోవాల్సి వచ్చింది. అందుకే ఎత్తైన పైకప్పులు, మందపాటి గోడలు, గుమ్మం పైన వెంటిలేటర్లు, వరండాలు, ఎదురెదురు కిటికీలు. ఏసీ వచ్చాక పైకప్పులు కిందికి దిగాయి, ఎన్నో పెద్ద హోటళ్లలో కిటికీ తెరుచుకోవడమే మానేసింది. పొద్దున్నే చెక్క రెక్కలు తోసి, కింద వీధి చప్పుడు వింటూ నిలబడటం నాకు ప్రయాణంలో అన్నిటికన్నా ఇష్టమైన సమయం. దీనికో నష్టమూ ఉంది. గాలి వచ్చే దారినే చప్పుడూ వస్తుంది. పక్కగదిలో దగ్గు వినిపిస్తుంది, వరండాలో నడిచేవాళ్ల అడుగులకు చెక్కనేల కిర్రుమంటుంది. నిద్ర పలచనివాళ్లు వీధి వైపు గది అడగకండి. లోపలి పెరటి వైపు గది తీసుకోండి.

స్నానాల గది దగ్గర మాత్రం పాత హోటల్ ఓడిపోతుంది. ఎందుకు ఓడిపోతుందో తెలిస్తే కోపం రాదు. 1829లో అమెరికాలోని బోస్టన్‌లో తెరిచిన ట్రెమాంట్ హౌస్ అనే హోటల్లో లోపలే మరుగుదొడ్లు, గదికో తాళం ఉండటమే పెద్ద వింత. అవి కూడా గదిగదికీ కాదు, కింది అంతస్తులో అందరికీ కలిపి. 1908లో అదే దేశంలోని బఫెలో నగరంలో ఎల్స్‌వర్త్ స్టాట్లర్ అనే హోటల్ వ్యాపారి ప్రతి గదికీ స్నానాల గదితో హోటల్ కట్టాడు. పక్కపక్క గదుల స్నానాల గదులను వెన్నుకు వెన్ను ఆనించి, పైపులన్నీ ఒకే నిలువు సందులో నడిపాడు. మధ్యతరగతికి అందే అద్దెలో అది సాధ్యమైంది అలాగే. ఇవాళ్టి హోటళ్లు ఎక్కువగా ఆ పద్ధతిలోనే లేస్తాయి. అంతకుముందు కట్టినవాటిలో స్నానాల గదిని తర్వాతెప్పుడో గది మూలలోంచి కోసి కట్టారు. అందుకే ఇరుకు, అందుకే వేడినీళ్లు ఆలస్యం. కొన్నిచోట్ల ఇప్పటికీ వరండా చివర అందరికీ కలిపి ఒకటే ఉంటుంది. అది మీకు నచ్చదనుకుంటే బుక్ చేసేముందే అడగండి. ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు.

లిఫ్ట్ సంగతీ ఇలాంటిదే. ఓటిస్ కంపెనీ తొలి ప్రయాణికుల లిఫ్ట్‌ను న్యూయార్క్‌లోని ఒక దుకాణంలో పెట్టింది 1857లో. హోటళ్లలో లిఫ్టులు మామూలయ్యేదాకా పై అంతస్తు అంటే చౌక గది. లిఫ్ట్ లేని పాత హోటళ్లలో ఆ లెక్క ఇప్పటికీ నడుస్తోంది. మోకాళ్లు సహకరిస్తే మూడో అంతస్తు తీసుకోండి. తక్కువ అద్దెకే వెలుతురు, నిశ్శబ్దం, ఊరి పైకప్పులు దొరుకుతాయి. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మాత్రం కింది గది ఖాయం చేసుకున్నాకే డబ్బు కట్టండి.

ఇప్పుడు నేను అస్సలు రాజీపడని విషయం. 1946 డిసెంబర్ 7న అట్లాంటాలోని వైన్‌కాఫ్ హోటల్ తగలబడి 119 మంది చనిపోయారు. అది 1913లో తెరిచిన 15 అంతస్తుల కట్టడం, అగ్నిభయం లేనిదని చెప్పుకున్న హోటల్. గోడలు నిజంగానే కూలలేదు. కానీ దిగడానికి ఉన్నది ఒక్కటే మెట్లదారి, పొగా మంటా ఆ దారినే పైకి ఎగబాకాయి. పాత హోటల్లో దిగగానే నేను సామాను విప్పకముందే రెండో మెట్లదారి ఎక్కడుందో చూస్తాను. రాత్రిపూట దానికి తాళం వేస్తారా అని అడుగుతాను. కిటికీకి తెరవలేని ఇనుప కటకటాలు ఉంటే గది మార్చమంటాను. తీగలు గోడ మీద వేలాడుతున్నా, ఒకే ప్లగ్ పాయింట్‌కి నాలుగైదు పరికరాలు తగిలించి ఉన్నా, చెక్కమెట్లు ఒక్కటే దారి అయినా, ఆ హోటల్ ఎంత అందంగా ఉన్నా అక్కడ పడుకోకూడదు. మీరూ పడుకోకండి. ఇరుకు స్నానాల గదిని ఓర్చుకోవచ్చు, దీన్ని ఓర్చుకోకూడదు.

మిగతా పరీక్షలు తేలిక. బుక్ చేసేముందు వానాకాలంలో ఉన్నవాళ్లు ఏం చెప్పారో చదవండి, చెమ్మ సంగతి అక్కడే బయటపడుతుంది. పాతది కట్టడమా, లేక కట్టడం కొత్తదై సామాను మాత్రమే పాతదా అని అడగండి. గుమ్మం మీద రాసిన సంవత్సరం కట్టడానిదో కంపెనీదో కనుక్కోండి. వెళ్లాక రెండు గదులు చూపించమనండి. బీరువా తెరిచి వాసన చూడండి, దుప్పటి ఎత్తి పరుపు చూడండి, కుళాయి తిప్పి వేడినీళ్లు వచ్చేదాకా ఆగండి. శ్రద్ధగా నడిపేవాళ్లు ఇందుకు ఏమీ అనుకోరు. విసుక్కుంటే అదే మీకు జవాబు.

మధ్యలో మూడో దారి ఉంది కదా అంటారు: చరిత్రా సుఖమూ రెండూ ఉన్న హోటళ్లు. ఉన్నాయి. ముంబయి తాజ్ మహల్ 1903లో తెరిచారు. జైపూర్ రాంబాగ్ రాజభవనం 1957లో హోటలైంది. సింగపూర్‌లో 1887లో పది గదుల బంగళాగా మొదలైన రాఫెల్స్‌లో ఇప్పుడు ఉన్నవన్నీ సూట్లే. డబ్బుకు వెనకాడనివాళ్లు నిశ్చింతగా వెళ్లొచ్చు, కానీ మన ప్రశ్న వాళ్లది కాదు. స్పెయిన్‌లో ప్రభుత్వమే 1928 నుంచి పరడోర్లు అనే హోటళ్లు నడుపుతోంది. వాటిలో కొన్ని ఒకప్పటి కోటలు, మఠాలే. ఆ దేశం వెళ్తే చూడదగ్గవి. ఇక పాతదానిలా కనిపించేలా కొత్తగా కట్టిన బొటీక్ హోటళ్లలో పాతదీ ఉండదు, చవకా ఉండదు. తక్కువ అద్దె చెయిన్ హోటళ్లు ఒక రాత్రి పడుకుని పోవడానికి బాగానే ఉంటాయి.

పాత హోటళ్ల పక్షాన నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి ఇంకో కారణం ఉంది. అవి తరిగిపోతున్నాయి. పేరుమోసిన అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ ప్లాన్ గీసిన టోక్యో ఇంపీరియల్ హోటల్ 1923లో వచ్చిన మహా భూకంపాన్ని తట్టుకుని నిలబడింది. అంతటి కట్టడాన్నీ 1960ల చివర్లో కూల్చి అక్కడ ఎత్తైన కొత్త భవనం కట్టారు. ముఖద్వారం, లాబీ మాత్రం నగోయా దగ్గరి మెయిజీ మురా మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. పేరున్న హోటల్ గతే అదైతే, పేరులేని ఇరవై గదుల హోటల్‌ను ఎవరు కాపాడతారు? గదులు నిండితే యజమాని పైకప్పు బాగు చేయిస్తాడు. నిండకపోతే స్థలం అమ్మేస్తాడు. మనం కట్టే అద్దెకు అక్కడ ఆ విలువ ఉంది. పెద్ద చెయిన్ హోటల్‌కి మన ఒక్క గది ఉన్నా లేకపోయినా ఒకటే.

ఇంత చెప్పినా, కొన్ని ప్రయాణాలకు లగ్జరీ హోటలే సరైనది. ఆపరేషన్ అయి కోలుకుంటున్నవాళ్లు, చక్రాల కుర్చీ వాడేవాళ్లు, నెలల పసిపాపతో వెళ్లేవాళ్లు, మర్నాడు పొద్దున్నే ముఖ్యమైన పనున్నవాళ్లు రెండో ఆలోచన లేకుండా అటే వెళ్లండి. విశ్రాంతి కోసమే వెళ్తూ, ఊరు చూడాలన్న పట్టింపు లేకపోయినా అంతే. అప్పుడు నడిబొడ్డు బసకున్న గొప్పే పనికిరాకుండా పోతుంది.

రెండూ కావాలనుకునేవాళ్లు లగ్జరీ హోటల్‌ను చివరి రాత్రికి పెట్టుకోండి, మొదటి రాత్రికి వద్దు. మొదట అక్కడ దిగితే తర్వాత పాత హోటల్లో ప్రతి లోటూ రెట్టింపుగా కనిపిస్తుంది. చివర పెట్టుకుంటే తిరిగి తిరిగి అలిసిన ఒంటికి ఆ పరుపు విలువ పూర్తిగా తెలుస్తుంది. పైగా ఎక్కువగా విమానాశ్రయం దగ్గరే ఉంటుంది కాబట్టి మర్నాడు పొద్దున ఫ్లైట్‌కి పరుగులు పెట్టక్కర్లేదు.