తిమింగలాలను చూడాలంటే మిరిస్సా మేలా, హెర్మానస్ మేలా?

తిమింగలాన్ని ఒక్కసారైనా కళ్లారా చూడాలనుకునే మనవాళ్లకు ముందు తట్టేది శ్రీలంకే. దగ్గర, ఖర్చూ తక్కువ. ఆ దేశపు దక్షిణ తీరంలోని మిరిస్సా నుంచి నవంబరు మొదలు ఏప్రిల్ దాకా రోజూ పొద్దున్నే పడవలు బయల్దేరతాయి. అక్కడ కనిపించేది నీలి తిమింగలం. మనకు తెలిసిన జంతువులన్నిటిలోకీ బరువైనది! తీరానికి కొద్ది దూరంలోనే సముద్రం ఒక్కసారిగా లోతెక్కడంతో అది ఒడ్డుకు అంత దగ్గరగా వస్తుంది. ఊపిరి వదిలితే తుంపర దాదాపు తొమ్మిది మీటర్ల ఎత్తు లేస్తుంది. ఆ వెనకే నీలం, బూడిద కలిసిన వీపు నీళ్లలోంచి జారుతూ పోతుంది, పోతూనే ఉంటుంది. ఎప్పటికో చివర్న చిన్న రెక్క కనబడుతుంది. అదృష్టం బాగుంటే తోక కూడా పైకెత్తి మునుగుతుంది. మళ్లీ తేలడానికి పది నిమిషాలు పట్టొచ్చు.

చిక్కంతా ఆ పది నిమిషాల్లోనే. అది ఎక్కడ తేలితే అక్కడికి పడవలన్నీ ఎగబడతాయి. ఊపిరి కోసం పైకొచ్చిన ప్రాణికి చుట్టూ ఇంజన్ల మోతే. పైగా శ్రీలంక దక్షిణపు కొస అయిన డోండ్రా అగ్రం దగ్గర అది మేత మేసే చోటు మీదుగానే పెద్ద ఓడల దారి ఉంది. ఓడలు గుద్ది తిమింగలాలు చనిపోతున్నాయని శ్రీలంక శాస్త్రవేత్త ఆశా డి వోస్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. 2022లో ఎంఎస్‌సి అనే పెద్ద సరకు ఓడల కంపెనీ తన ఓడలను ఇంకా దక్షిణంగా మళ్లించింది. అందరూ ఆ పని చేయాలి.

దక్షిణాఫ్రికాలోని హెర్మానస్ తీరు వేరు. కేప్‌టౌన్ నుంచి కారులో రెండు గంటల లోపే. జూన్ నుంచి నవంబరు దాకా దక్షిణ రైట్ తిమింగలాలు (సదరన్ రైట్ వేల్ అనే జాతి) ఈనడానికి, పిల్లలను సాకడానికి అక్కడి వాకర్ బే అనే అఖాతంలోకి వస్తాయి. పడవ అక్కర్లేదు, కొండ అంచున నడకదారిలో నిలబడితే చాలు. తల్లీపిల్లా ఒడ్డుకు అతి దగ్గరగా, గంటల తరబడి మెల్లగా తిరుగుతుంటాయి. తల మీద తెల్లటి గరుకు మచ్చలు, రెండు పాయలుగా లేచే తుంపర స్పష్టంగా కనిపిస్తాయి. ఇలా నెమ్మదిగా ఈదడం, చంపితే తేలడం వల్లే వేటగాళ్లు వీటిని దాదాపు తుడిచిపెట్టేశారు. 1935లో రక్షణ వచ్చాక కూడా సోవియట్ నౌకలు దొంగచాటుగా వేటాడాయి. అలాంటి జాతి మళ్లీ పిల్లలతో ఆ ఒడ్డుకే వస్తోందంటే నాకు ఎంతో సంతోషం.

డబ్బు కూడబెట్టుకోగలిగితే నా ఓటు హెర్మానస్‌కే. పెద్దవాళ్లూ పసిపిల్లలూ ఉన్న ఇంటికి అయితే మరీనూ: ఒడ్డు నుంచే చూస్తే వాంతుల టెన్షన్ లేదు, తిమింగలం వెంట పడాల్సిన పనీ లేదు. ఆగస్టు చివర్నుంచి అక్టోబరు మధ్యలో వెళ్లండి.

నీలి తిమింగలమే కావాలంటే మాత్రం మిరిస్సాకే వెళ్లాలి. టికెట్ కొనేముందు ఒక్క మాట అడగండి: ఎంత దూరంలో ఇంజన్ తగ్గిస్తారు? “పక్కకే తీసుకెళ్తాం” అనే పడవ ఎక్కకండి.