తొడిమల లెక్క కొనుగోలు గదికి చేరాక: టాలీ, ఎక్సెల్‌లతో ఏడేళ్ళు

మిర్చి యార్డులో క్వింటా వెయ్యి రూపాయలు తక్కువకు దొరికిందని సంబరపడిన సరుకే చివరికి మాకు ఎక్కువ ఖరీదు పడిందని తెలుసుకోవడానికి రెండు సీజన్లు పట్టింది. ఆ సంగతి మా కొనుగోలు విభాగానికి తెలియదు. మిల్లులో పనిచేసేవాళ్ళకు తెలుసు, కానీ వాళ్ళను ఎవరూ అడగలేదు.

గుంటూరు దగ్గర కారం, పసుపు, పచ్చళ్ళు తయారుచేసే ఒక మధ్యస్థాయి సంస్థలో నేను లెక్కలు చూస్తాను. కొనుగోళ్ళు, మిల్లు, ప్యాకింగ్, గోదాము, అమ్మకాలు, ఖాతాలు, సిబ్బంది అంటూ విభాగాలు చాలానే ఉన్నాయి గానీ, పెద్ద కంపెనీలు వాడే ఖరీదైన వ్యవస్థలు మా దగ్గర లేవు. ఖాతాలకు టాలీ అనే సాఫ్ట్‌వేరు, మిగతా పనులన్నింటికీ ఎక్సెల్. ఈ రెండింటినీ కలిపి ప్రతి విభాగానికీ పనికివచ్చే లెక్క తీయడం 2019లో మొదలుపెట్టాం. ఏడేళ్ళ వాడకంలో ఏది నిలిచిందో, ఏది మూలపడిందో రాస్తున్నాను. మాలాంటి సంస్థల్లో ఉన్నవాళ్ళు లక్షలు ఖర్చుపెట్టే ముందు ఒకసారి చదివితే బాగుంటుంది.

ముందు మేమూ ఆ ఖర్చు పెట్టినవాళ్ళమే. ఒక సంస్థ వచ్చి రంగురంగుల గ్రాఫులతో డాష్‌బోర్డు చేసిపెట్టింది. యజమాని గదిలో పెద్ద తెర పెట్టించాం. నాలుగు నెలలు తిరిగేసరికి దాన్ని చూసేవాళ్ళు లేరు. తయారుచేసినవాళ్ళ నైపుణ్యంలో లోపం లేదు. వాళ్ళు మా యజమానిని అడిగి చేశారు గానీ, మిల్లు మేస్త్రీనో గోదాము గుమాస్తానో అడగలేదు. అంకెలు రాసేది వీళ్ళు. తెర ఉన్నదేమో పై అంతస్తులో. తాము రాసిన అంకె ఎక్కడికి వెళుతోందో, దానితో ఏం చేస్తున్నారో తెలియనప్పుడు శ్రద్ధగా రాయాలని ఎవరికి అనిపిస్తుంది? సాయంత్రం ఆరింటికి గుర్తున్నంత వరకు నింపేసి వెళ్ళిపోయేవారు. ఆ అంకెలతో ఎంత అందమైన గ్రాఫు గీసినా అది అబద్ధమే. రాసినవాళ్ళకే మొదట ఉపయోగపడాలి అన్నది అప్పుడు పట్టుకున్న సూత్రం. ఆ తర్వాత మేము చేసినవాటిలో నిలిచినవన్నీ దాని మీదే నిలిచాయి.

ఇక పనిముట్టు విషయం. ఎక్సెల్‌లో పవర్ క్వెరీ అనే సదుపాయం ఉంది. 2016 నుంచి ఎక్సెల్‌లోనే కలిసి వస్తోంది, విడిగా కొననక్కర్లేదు. టాలీ నుంచి వచ్చిన పట్టికను, మిల్లు పుస్తకం నుంచి ఎక్కించిన పట్టికను ఎలా శుభ్రం చేయాలో, ఏ గడి ఆధారంగా కలపాలో ఒక్కసారి చూపిస్తే ఆ మెట్లన్నీ గుర్తుపెట్టుకుంటుంది. మర్నాటి నుంచి రిఫ్రెష్ నొక్కితే సరిపోతుంది. నాకు ప్రోగ్రామింగ్ రాదు. నెల రోజులు రోజుకో గంట కూర్చుని నేర్చుకున్నాను. అంతకు ముందు నెలాఖరులో మూడు రోజులు పట్టే పని ఇప్పుడు అరగంటలో అవుతోంది.

నేర్చుకోవడం కన్నా కష్టమైంది పేర్లు సరిచేయడం. ఒకే సరుకుకు గోదాములో ‘కారం 500’, బిల్లులో ‘మిర్చి పొడి అరకిలో’, ప్యాకింగ్ పుస్తకంలో ‘ఎర్ర ప్యాకెట్టు పెద్దది’. కంప్యూటర్ దృష్టిలో ఇవి మూడు వేర్వేరు సరుకులు. అన్నింటికీ ఒకే సంకేతం ఇచ్చి, పాత పేర్లను మాన్పించడానికి మూడు నెలలు పట్టింది. ఈ మూడు నెలలను తప్పించుకునే దారి ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక్కడే రెండు జాగ్రత్తలు కూడా చెప్పాలి. మేము బ్యాచ్ సంఖ్యలో నెలకు ఇంగ్లీషు అక్షరం వాడేవాళ్ళం. మే నెలకు ‘ఇ’. దాంతో ‘12ఇ05’ లాంటి సంఖ్యను ఎక్సెల్ గణితంలోని ఘాతంగా, అంటే 12 పక్కన ఐదు సున్నాలుగా తీసుకుని పన్నెండు లక్షలుగా మార్చేసింది. ఆ గడిని ముందుగా అక్షరాల గడిగా పెట్టకపోవడం మా పొరపాటే. ఒక మే నెల సరుకు మొత్తం బ్యాచ్ ఆచూకీ లేకుండా పోయింది. కాగితపు పుస్తకం ఉండబట్టి బయటపడ్డాం. రెండోది తేదీలు. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే అది మార్చి 4 అవుతుంది. గడువు తేదీలున్న సరుకు అమ్మేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు తొడిమల దగ్గరికి వస్తాను. యార్డు నుంచి వచ్చిన కాయకు తొడిమలు తీయాలి, తాలు, అంటే రంగు పోయిన నాసి కాయలు ఏరాలి. ఈ పని చేసే మహిళలకు కిలోల లెక్కన కూలి ఇస్తాం కాబట్టి ప్రతి లాటుకూ ఎంత శుభ్రమైన కాయ వచ్చిందో మేస్త్రీ పుస్తకంలో ఎప్పటి నుంచో ఉంది. కూలి ఇచ్చాక ఆ పుస్తకం అటకెక్కేది. కొన్న ధర టాలీలో ఉంది. ఈ రెంటినీ లాటు సంఖ్యతో కలిపాం, అంతే.

లెక్క ఎలా మారుతుందో చూడండి. ఒక లాటు క్వింటా 15,000 రూపాయలకు కొన్నామనుకుందాం. తొడిమ 8 కిలోలు, తాలు 4 కిలోలు పోతే మిగిలేది 88 కిలోలు. అంటే మిల్లులోకి వెళ్ళే కాయ కిలో 170 రూపాయల 45 పైసలు పడింది. ఇంకో లాటు 16,000. అందులో పోయేది మొత్తం 5 కిలోలే. కిలో 168 రూపాయల 42 పైసలు. తాలు అమ్మితే వచ్చే కొద్దిపాటి సొమ్ము కలుపుకున్నా, మొదటి లాటుకు తొడిమలు తీయడానికి, ఏరడానికి పట్టిన అదనపు కూలి దాన్ని మింగేస్తుంది. యార్డులో చవకగా కనిపించిన సరుకు మిల్లులో ఖరీదైంది.

మా కొనుగోళ్ళు చూసే పెద్దాయన మొదట ఒప్పుకోలేదు. “ముప్పై ఏళ్ళుగా యార్డులో తిరుగుతున్నానమ్మా, కాయ చేత్తో పట్టుకుంటే చాలు, అన్నీ తెలుస్తాయి. ఈ పట్టికలెందుకు?” అన్నారు. నిజంగానే ఆయన చేత్తో చెప్పిన తేమకు, మీటరులో వచ్చిన తేమకు పెద్ద తేడా లేదు. ఆ విషయం కూడా పట్టికలో పెట్టి ఆయనకే చూపించాను. ఆయన చేతి మీద నాకు గౌరవం పెరిగింది, నా పట్టిక మీద ఆయనకు నమ్మకం కుదిరింది. తేమ దగ్గర తప్పని ఆయన అంచనా తొడిమల దగ్గర తప్పుతోంది, ఎందుకంటే ఆ ఫలితం ఏనాడూ ఆయన దాకా రాలేదు. ఇప్పుడు యార్డులో వేలం పాట పాడే ముందు ఫోను చేసి, “పోయిన వారం ఫలానా వ్యాపారి దగ్గర తెచ్చిన లాటులో ఎంత పోయిందమ్మా?” అని అడుగుతారు.

2025 ఫిబ్రవరిలో మిర్చి ధరలు బాగా పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. రైతులకు అది చాలా చెడ్డ కాలం. ధర తగ్గింది కదా, దొరికినన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) కొని శీతల గిడ్డంగిలో పెడదామని మా దగ్గర ఆలోచన వచ్చింది. అప్పుడు అమ్మకాల విభాగం పట్టిక తెప్పించి, ఎన్ని నెలలకు ఎంత కారం అమ్ముడవుతుందో చూసి, గిడ్డంగి అద్దె, అప్పు మీద వడ్డీ కలిపి లెక్క వేశాం. కొంత దాటాక చవకదనం అద్దెకు, వడ్డీకే సరిపోతోందని తేలింది. అక్కడ ఆగాం. అమ్మకాల అంకె కొనుగోలు గదికి పోవడం అంటే ఇదే.

ప్యాకింగ్‌లో జరిగింది నాకు అన్నింటికన్నా ఇష్టమైన సంగతి. తక్కువ బరువు ఉంటే తూనికలు కొలతల శాఖ కేసు పెడుతుందన్న భయంతో అందరూ కొంచెం ఎక్కువే నింపుతారు. అరకిలో ప్యాకెట్టులో సగటున 7 గ్రాములు ఎక్కువ పోతే పదివేల ప్యాకెట్లకు 70 కిలోల కారం ఉచితంగా ఇచ్చినట్టే. గంటకు ఐదు ప్యాకెట్లు తూచి రాయమని యంత్రం నడిపే కుర్రవాడికి చెప్పాం. పదిహేను రోజుల అంకెలను గీతగా గీసి, నా గదిలో కాకుండా ఆ యంత్రం పక్కనే అతికించాం. నేను దాన్ని ఎంతసేపు చూసినా ఎగుడుదిగుడులు తప్ప ఏమీ అర్థం కాలేదు. అతను ఒక్కసారి చూసి, “పైన గరాటు నిండా పోసినప్పుడల్లా బరువు పెరుగుతోంది మేడమ్” అన్నాడు. పొడి ఎత్తుగా ఉంటే కిందికి ఒత్తుకుని దిగుతుంది, తగ్గేకొద్దీ వదులుగా దిగుతుంది. అప్పటి నుంచి ఒకేసారి నింపకుండా కొంచెం కొంచెంగా పోస్తున్నారు. గరాటు నింపిన సమయం రాసుకోవడానికి పుస్తకంలో ఇంకో గడి గీసుకున్నది కూడా అతనే.

అమ్మకాల విభాగంలో మేము చాలాకాలం చేసిన తప్పు ఒకటుంది. పోయిన ఏడాది నవంబరుతో ఈ ఏడాది నవంబరును పోల్చడం. వెల్లుల్లి లేని పచ్చళ్ళు కార్తీక మాసంలో బాగా అమ్ముడవుతాయి. అయ్యప్ప దీక్షలూ అప్పుడే మొదలవుతాయి. 2022లో కార్తీకం అక్టోబరు 26న మొదలై నవంబరు 23తో ముగిసింది. 2023లో అధిక శ్రావణం రావడంతో నవంబరు 14న గానీ మొదలు కాలేదు. ఆ సరుకు నవంబరులో తగ్గి డిసెంబరులో పెరగడం సహజం. మేమేమో నవంబరు లక్ష్యం తప్పారని అమ్మకాల ప్రతినిధులను నిలదీశాం. వాళ్ళలో ఒకరు పంచాంగం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఆ రోజు తేదీల పట్టికలో తెలుగు మాసం కోసం ఒక గడి చేర్చాను. ఇప్పుడు కొన్ని సరుకులను మాసంతో మాసానికి పోలుస్తాం. సంక్రాంతి మాత్రం జనవరి నడుమనే వస్తుంది కాబట్టి దానికి ఈ చిక్కు లేదు. ఏ దేశంలో తయారైన సాఫ్ట్‌వేరూ ఈ గడిని తనంతట తాను ఇవ్వదు, మన వ్యాపారం తెలిసిన మనమే చేర్చుకోవాలి.

ఖాతాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ మార్పు తక్కువ, పని తేలికవడం ఎక్కువ. సరఫరాదారులు దాఖలు చేసిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే జీఎస్టీఆర్-2బి పట్టికను మా కొనుగోలు బిల్లులతో పోల్చి, రాని బిల్లుల జాబితాను ఖాతాల్లో ఉంచుకోకుండా అదే రోజు కొనుగోలు విభాగానికి పంపుతాం. సరఫరాదారుతో మాట్లాడగలిగేది వాళ్ళే. ఇంకొకటి, సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు చెల్లింపుల గడువు. ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం 2023-24 నుంచి గడువు దాటితే, ఆ ఖర్చు డబ్బు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే లెక్కకు వస్తుంది. సీసాలు, అట్టపెట్టెలు, లేబుళ్ళు తయారుచేసి ఇచ్చే చిన్నవాళ్ళు మాకు చాలామంది ఉన్నారు. సరఫరాదారుల పట్టికలో ఉద్యమ్ (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) నమోదు గడి ఒకటి పెట్టి, గడువుకు వారం ముందు పేరు ఎర్రగా కనిపించేలా చేశాం. ఇందులో మా పన్ను ఎంత మిగిలిందన్నది ఒక ఎత్తు, ఆ చిన్నవాళ్ళకు సమయానికి డబ్బు అందడం ఇంకో ఎత్తు.

సిబ్బంది విషయంలో నేను చేసిన తప్పు చెప్పకపోతే ఈ సమీక్ష నిజాయితీగా ఉండదు. తొడిమలు తీసే మహిళల పేర్లు, ఎవరు ఎన్ని కిలోలు చేశారో వరుసగా రాసి గోడకు పెట్టాను. ప్రోత్సాహంగా ఉంటుందనుకున్నాను. వారం తిరిగేసరికి కాయలో తొడిమలు మిగలడం పెరిగింది. వేగం కోసం సగం తీసి వదిలేస్తున్నారు. పక్కపక్కన కూర్చుని పనిచేసే వదిన, ఆడపడుచుల మధ్య మాటలు ఆగిపోయాయి. వయసు మీదపడిన ఒకామె పని మానేస్తానంది. ఆ కాగితం నేనే చింపేశాను, అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. ఇప్పుడు మనిషి పేరు మీద లెక్క కూలి ఇవ్వడానికే. పని తీరు చూసేది లాటు మీద. ఏ లాటైనా ఆలస్యమైతే కాయ ఎలా ఉందని అడుగుతాం, ఎవరు చేశారని అడగం.

ఎవరికి ఇది చాలదో కూడా చెప్పాలి. ఎక్సెల్ ఒక పట్టికలో 10,48,576 వరసల వరకే. మాకు అది ఎక్కువే, కానీ వందల దుకాణాల్లో రోజువారీ చిల్లర అమ్మకం ఉన్నవాళ్ళకు చాలదు. పదిమంది ఒకేసారి ఒకే పట్టికలో రాయాల్సిన చోట కూడా ఇబ్బంది ఉంటుంది. మేము ఒక్కో విభాగానికి ఒక్కో ఫైలు ఇచ్చి, కలిపే ఫైలును నా దగ్గర ఉంచుకున్నాం. ఇందులోనూ ఒక బలహీనత ఉంది. నేను రెండు వారాలు సెలవు పెడితే పని ఆగేది. అందుకే నిరుడు గోదాము గుమాస్తాకు, ప్యాకింగ్ పర్యవేక్షకురాలికి అంతా నేర్పాను. ఆ అమ్మాయి నాకన్నా చక్కగా చేస్తోంది.

ఇంకా చేతికి రానిది దుకాణాల నుంచి తిరిగివచ్చే సరుకు లెక్క. పంపిణీదారులు ఫోనులో ఫొటో తీసి పంపుతారు, మేము చూసి ఎక్కిస్తాం. ఏ నెలలో ప్యాక్ చేసిందో ఫొటోలో కనిపించదు. ప్యాక్ చేసిన నెల తెలియకుండా ఆ సరుకు మా గోదాములో ఆలస్యమైందో, దుకాణం అరలో ఆలస్యమైందో చెప్పలేం. ఈ సీజను నుంచి వ్యాను డ్రైవర్లకు చిన్న చీటీల పుస్తకం ఇచ్చాం. సరుకు పేరు, ప్యాక్ నెల, దుకాణం, ఇవి మూడే గడులు. నెల తిరిగాక ఏ దుకాణంలో ఏది కదలడం లేదో ఆ డ్రైవరుకే ముందు చూపిస్తాం, దింపాల్సిన సరుకు ఎంతో అతనే చెబుతాడు. తెనాలి, నరసరావుపేట మార్గాల్లో మొదలైంది. మిగతా మార్గాలకు చీటీలు అచ్చువేయిస్తున్నాం.