హెడ్‌సెట్లా, ప్రొజెక్టర్లా?

తిరుపతిలో కాలేజీ పిల్లలు డిజిటల్ ఆర్ట్ ఎగ్జిబిషన్ పెట్టాలనుకుంటే మొదటి తగువు ఇక్కడే వస్తుంది.

ఖర్చు: ఒకటి రెండు వీఆర్ హెడ్‌సెట్లు (కళ్లకు పెట్టుకుంటే చుట్టూ బొమ్మే కనిపించేవి) ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు. నాలుగు గోడల నిండా బొమ్మ పడాలంటే మాత్రం ప్రొజెక్టర్లు అద్దెకు తేవాలి, హాలు చీకటి చేయాలి.

జనం: మనిషికి 5 నిమిషాలు ఇస్తే హెడ్‌సెట్‌తో గంటకు 12 మంది. తుడవడం, పట్టీ సరిచేయడం కలిపితే పది మందే. గదిలో అయితే ముప్పై మంది ఒకేసారి చూస్తారు. 2018లో టోక్యోలో తెరిచిన టీమ్‌ల్యాబ్ బోర్డర్‌లెస్ డిజిటల్ ఆర్ట్ మ్యూజియంది ఈ దారే.

ఇబ్బంది: క్వెస్ట్ 3 అనే వీఆర్ హెడ్‌సెట్ బరువు 515 గ్రాములు. మన ఏప్రిల్ ఉక్కకు ముఖానికి ఆనే ప్యాడ్ చెమటతో తడిసిపోతుంది, తర్వాతివాళ్లు మొహం చిట్లిస్తారు. కొందరికి తల తిరుగుతుంది, పక్కన కుర్చీ వేయాల్సిందే. ప్రొజెక్టర్లకు ఒకటే టెన్షన్, కరెంటు.

అనుభూతి: శ్రీకాళహస్తి కలంకారీలో వెదురు కలం గీసిన నల్లగీత మన ఎత్తున లేచి చుట్టూ తిరగాలంటే హెడ్‌సెట్టే. గోడ మీద అది పెద్ద తెర సినిమాలాగే ఉంటుంది.

ఫెస్ట్ రోజు జనం తోసుకొస్తుంటే ప్రొజెక్టర్లు పెట్టండి. ఇరవై మందిని పిలిచి, టైము ఇచ్చి చూపించేటట్టయితే హెడ్‌సెట్. అమ్మమ్మను తీసుకొస్తుంటే మాత్రం గోడే. కళ్లద్దాల మీద కళ్లద్దాలంటే ఆమె ఒప్పుకోదు.