మార్వెల్ అల్టిమేట్ అలయన్స్ 3: ఆరేళ్లు ఆడిన తర్వాత

ఈ వేసవి సెలవుల్లో మా అబ్బాయి టీవీ కింద అరలోంచి ఈ సూపర్‌హీరోల గేమ్‌ను మళ్లీ బయటికి తీశాడు. నింటెండో స్విచ్ గేమ్ కన్సోల్‌లో చూస్తే మేము ఆడింది రెండు వందల గంటలు దాటిపోయింది. 2019 జులై 19న విడుదలైతే ఆ వారాంతంలోనే కొన్నాం. అప్పుడు అబ్బాయికి నాలుగేళ్లు, అమ్మాయికి ఎనిమిది. ఇప్పుడు వాడికి పది, దానికి పద్నాలుగు. కొన్న వారంలోనే ఈ సమీక్ష రాసి ఉంటే కెమెరాను తిట్టి, కథను తిట్టి ముగించేవాణ్ని. ఆ రెండు విషయాల్లో నా మాట ఇప్పటికీ మారలేదు. కానీ ఆరేళ్లలో ఇంట్లో ఇంతమందిని ఒక సోఫా మీదికి చేర్చిన గేమ్ మాకు ఇంకొకటి దొరకలేదు.

నాకు ఈ సిరీస్‌తో పరిచయం హైదరాబాద్‌లో మొదలైంది. చదువు అయిపోయి ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజుల్లో, మా హాస్టల్ దగ్గర గంటల లెక్కన ఆడించే గేమింగ్ పార్లర్ ఒకటి ఉండేది. అక్కడ రెండో భాగం ఆడాం, నలుగురం కలిసి. మొదటి భాగాన్ని రేవెన్ సాఫ్ట్‌వేర్ 2006లో చేసింది. రెండోది విక్యారియస్ విజన్స్ చేసింది, 2009 సెప్టెంబరులో వచ్చింది. మార్వెల్ కామిక్స్‌లోని 'సివిల్ వార్' కథను తీసుకున్నారు. సూపర్‌హీరోలందరూ ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలని చట్టం వస్తుంది. ఐరన్ మ్యాన్ చట్టం వైపు, కెప్టెన్ అమెరికా దానికి వ్యతిరేకం. మధ్యలో గేమ్ ఆగి మనల్ని అడుగుతుంది, నువ్వు ఎటువైపు అని. ఆ ప్రశ్న వచ్చినప్పుడు మేం నలుగురం కంట్రోలర్లు పక్కన పెట్టి అరగంట వాదించుకున్నాం. గంట డబ్బులు అయిపోతున్నా ఎవరూ తగ్గలేదు. చివరికి కెప్టెన్ వైపు వెళ్లాం. ఒక వైపు ఎంచుకుంటే రెండో వైపు నాయకుడు మన జట్టులోకి రాడు, ఎదురుగా నిలబడతాడు. అందుకే ఆ ఎంపికకు బరువు ఉండేది.

ఆ తర్వాత పదేళ్లు ఏమీ రాలేదు. మొదటి రెండు భాగాలను 2016లో కొత్త కన్సోళ్ల కోసం, పీసీ కోసం మళ్లీ విడుదల చేశారు కానీ, 2018లో ఆన్‌లైన్ అమ్మకం నుంచి తీసేశారు. ఆ సంవత్సరం డిసెంబరులో గేమ్ అవార్డ్స్ వేడుకలో మూడో భాగం ప్రకటన చూసి నేను నిజంగా లేచి నిలబడ్డాను. ఈసారి చేస్తున్నది జపాన్‌కు చెందిన టీమ్ నింజా, వస్తున్నది ఒక్క నింటెండో స్విచ్ మీదే. మా ఇంట్లో స్విచ్ లేదు. గేమ్ అరవై డాలర్లయితే, దానికోసం కన్సోల్ కొనడానికి మా ఆవిడను ఒప్పించాల్సి వచ్చింది. పిల్లల పేరు చెప్పి ఒప్పించాను.

ఎలా ఉంటుందో తెలియని వాళ్ల కోసం. నలుగురు హీరోల జట్టు. కెమెరా పైనుంచి చూస్తుంటుంది. గుంపులుగా వచ్చిపడే శత్రువులను కొట్టుకుంటూ పోవాలి, దారి చివర బాస్, అంటే పెద్ద శత్రువు ఉంటాడు. ఒక్కరే ఆడితే మిగతా ముగ్గురినీ గేమ్ నడుపుతుంది. ఇద్దరు, ముగ్గురు, నలుగురు ఉంటే ఒకే టీవీ ముందు కూర్చుని ఆడొచ్చు. స్విచ్‌కు రెండు పక్కలా తగిలించే చిన్న కంట్రోలర్లను జాయ్‌కాన్ అంటారు. జాయ్‌కాన్‌ను అడ్డంగా పట్టుకుంటే ఒక్కొక్కటీ ఒక కంట్రోలర్ అవుతుంది కాబట్టి, స్విచ్‌తో వచ్చిన జతతోనే ఇద్దరు మొదలుపెట్టొచ్చు. నలుగురికి ఇంకో జత కావాలి. పెద్ద చేతులకు అడ్డం జాయ్‌కాన్ ఇరుకుగానే ఉంటుంది. నాకు గంట దాటితే బొటనవేలు లాగేస్తుంది. పిల్లలకు ఆ ఇబ్బంది లేదు.

కథ మొదటి రెండు భాగాలకు కొనసాగింపు కాదు, కొత్తగా మొదలవుతుంది. గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ అనే హీరోల జట్టు క్రీ అనే గ్రహాంతరవాసుల ఓడలో అపార శక్తి ఉన్న ఇన్ఫినిటీ రాళ్లను చూస్తుంది, అవి భూమి మీద చెల్లాచెదురవుతాయి. విలన్ థానోస్, అతని అనుచరుల ముఠా బ్లాక్ ఆర్డర్ వాటి కోసం వస్తారు. అక్కడి నుంచి ఊరూరా తిరగడమే. విలన్లను పెట్టే రాఫ్ట్ జైలు, కింగ్‌పిన్ ఉండే ఫిస్క్ టవర్, ఎక్స్‌మెన్ బడి, వకాండా, డోర్మమ్ము అనే విలన్ ఉండే చీకటి లోకం. ప్రతి చోటా కొత్త హీరోలు కలుస్తారు. ముచ్చటగా ఉంటుంది, కానీ మనల్ని ఏ ప్రశ్నా అడగదు. రాయి కోసం వెళ్లడం, కొట్టడం, తర్వాతి చోటికి పోవడం. రెండో భాగంలో ఆ అరగంట వాదన గుర్తున్నవాడికి ఇది వెలితిగానే ఉంటుంది. ఇన్ని పాత్రలు చేతిలో పెట్టుకుని ఒక్కసారైనా ఎటువైపు అని అడిగి ఉండాల్సింది.

కొట్లాట మాత్రం రెండో భాగం కంటే బాగుంది. చిన్న దెబ్బ, పెద్ద దెబ్బ, వాటితోపాటు ప్రతి హీరోకి నాలుగు ప్రత్యేక శక్తులు. ఒకరు శక్తి వాడుతున్నప్పుడు పక్కవాడు తన శక్తిని దానికి కలిపితే రెండూ ఏకమై దెబ్బ పెరుగుతుంది. దీన్ని గేమ్‌లో సినర్జీ అంటారు. బాస్‌లకు ప్రాణం గీత కింద ఇంకో ఊదారంగు గీత ఉంటుంది. అది అయిపోయేదాకా ఎంత కొట్టినా వాడు పెద్దగా చలించడు. అది అయిపోగానే తూలిపోతాడు, అప్పుడు మీద పడాలి. ఈ సంగతి అర్థమయ్యేదాకా మా అమ్మాయి రాఫ్ట్‌లో శాండ్‌మ్యాన్ దగ్గర ఎన్నిసార్లు ఓడిపోయిందో లెక్కలేదు. ఊరికే బటన్లు నొక్కుతూ పోతే ఇక్కడ కుదరదు. ఊదా గీత ఎప్పుడు పగులుతుందో చూసుకుంటూ శక్తిని దాచుకోవాలి. "నాన్నా, ఇప్పుడు వాడకు, ఆగు, ఆగు" అని ఎనిమిదేళ్ల పిల్ల నాకు చెప్పడం మొదలుపెట్టిన రోజున దానికి ఆట పట్టుబడిందని తెలిసింది.

మా అమ్మాయికి ఇష్టమైన హీరో కమలా ఖాన్. పాకిస్తానీ కుటుంబంలో పుట్టి అమెరికాలోని జెర్సీ సిటీలో పెరిగిన అమ్మాయి. మేముండే చోటి నుంచి జెర్సీ సిటీకి రైల్లో వెళ్తాం. "ఈమె మన పక్క ఊరే, మనలాగే ఉంది" అని మొదటిరోజే తీసుకుంది. ఇంతవరకు వదల్లేదు. అబ్బాయికి రాకూన్ రాకెట్, చెట్టు మనిషి గ్రూట్. వీళ్లిద్దరూ కలిపి ఒకే పాత్ర, గ్రూట్ భుజం మీద రాకెట్. నాలుగేళ్ల వాడికి ఇద్దరు హీరోలు ఒకేసారి దొరికినంత సంతోషం.

ఇక మా నాన్నగారి సంగతి చెప్పాలి. 2020 జనవరిలో అమ్మానాన్న గుంటూరు నుంచి మా దగ్గరికి వచ్చారు, మూడు నెలలుండి వెళ్దామని. మార్చిలో ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది, న్యూజెర్సీలో లాక్‌డౌన్ పెట్టారు. ఇద్దరూ ఇక్కడే ఉండిపోయారు. సరిగ్గా అప్పుడే, మార్చి 26న, ఈ గేమ్‌కు విడిగా కొనుక్కునే ఫెంటాస్టిక్ ఫోర్ అదనపు ప్యాక్ వచ్చింది. బడి లేదు, పార్కు లేదు, ఇంట్లో అందరికీ టెన్షన్. ఊళ్లో బంధువుల గురించి రోజూ ఫోన్లు. నాన్నగారు వార్తలు చూసి చూసి దిగులుపడుతుంటే, మా అబ్బాయి వెళ్లి ఆయన చేతిలో ఒక జాయ్‌కాన్ పెట్టాడు. ఆయన జీవితంలో వీడియో గేమ్ ఆడలేదు. వాడు ఆయనకు హల్క్‌ను ఇచ్చాడు. రెండు బటన్లు నేర్పాడు, కొట్టడానికి ఒకటి, దూకడానికి ఒకటి.

మేం ముగ్గురం ముందు నడిచేవాళ్లం, ఆయన వెనక వచ్చి అడ్డమొచ్చినవాణ్ని కొట్టేవారు. పడిపోతే పిల్లలు పరిగెత్తుకెళ్లి లేపేవాళ్లు. పడినవాడి పక్కకు వెళ్లి బటన్ పట్టుకుంటే లేస్తాడు, గేమ్‌లో అదొక మంచి ఏర్పాటు. పదిరోజులయ్యేసరికి సాయంత్రం ఐదింటికి ఆయనే "ఏరా, ఇవాళ లేదా?" అని అడగడం మొదలుపెట్టారు. ఈ గేమ్‌లో అందరి దగ్గరా పెద్ద దెబ్బ ఒకటి ఉంటుంది, గేజ్ నిండితే వాడొచ్చు. నలుగురికీ నిండినప్పుడు ఒకరు మొదలుపెట్టగానే మిగతా ముగ్గురూ వెంటనే నొక్కితే నాలుగూ కలిసి పడతాయి. తెర మొత్తం వెలుగుతో నిండిపోతుంది, బాస్ ప్రాణం గీత సగానికి సగం పడిపోతుంది. దానికోసం మా అబ్బాయి "ఒకటి, రెండు, మూడు" లెక్కపెట్టేవాడు. నాన్నగారు రెండుకే నొక్కేసేవారు. "తాతయ్యా, మూడుకి!" అని ఇద్దరూ అరిచేవాళ్లు. ఆయనకు మూడుకి నొక్కడం కుదిరిన రోజున డోర్మమ్ము పడ్డాడు. వంటింట్లోంచి అమ్మ ఏమైందోనని కంగారుగా వచ్చింది.

ఇప్పుడు లోపాలు. అన్నిటికంటే పెద్దది కెమెరా. నలుగురికీ ఒకటే కెమెరా కాబట్టి ఒకరు ముందుకు పోతే వెనకున్నవాడు తెర అంచున ఇరుక్కుంటాడు. ఇరుకు గదుల్లో గోడ అడ్డమొచ్చి మన హీరో ఎక్కడున్నాడో కనపడదు. నలుగురూ శక్తులు వాడుతుంటే వెలుగులో ఎవరు ఎవరో తెలియదు. నాన్నగారు ఎన్నోసార్లు నా హీరోను తన హల్క్ అనుకుని చూస్తూ ఉండిపోయారు. ఒక్కరే ఆడేటప్పుడు కెమెరాను దగ్గరికి తెచ్చుకునే అమరిక ఉంది, అది బాగుంది. జనం ఎక్కువైతే మాత్రం ఇబ్బంది పోదు. దీనికి అలవాటు పడాలి తప్ప మందు లేదు.

రెండోది నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. జట్టులో ఉన్న నలుగురికే అనుభవం పెరుగుతుంది, లెవెల్ పెరుగుతుంది. బయట కూర్చున్నవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే. ముప్పైకి పైగా హీరోలున్న గేమ్‌లో కొత్తవాడు కలిసినప్పుడల్లా వాణ్ని ఆడించాలని ఉంటుంది. కానీ రెండు చాప్టర్లు పక్కన పెడితే వాడు వెనకబడిపోతాడు, తీసుకొస్తే రెండు దెబ్బలకు పడిపోతాడు. లెవెల్ పెంచే క్యూబులు ఇస్తారు, అవి చాలవు. దాంతో మొదటిసారి కథ ముగించేదాకా మా జట్టు దాదాపు మారలేదు. స్టార్మ్, నైట్‌క్రాలర్, డాక్టర్ స్ట్రేంజ్ లాంటివాళ్లను మేం మనసారా ఆడింది రెండో ఏడాదిలోనే. జట్టు మొత్తానికి పనికొచ్చే బలాలు కొనుక్కునే గళ్ల పటం ఒకటుంది, అది కాస్త ఊరట. ముందు దాని మీదే డబ్బు పెట్టండి. హీరోలకు అమర్చితే బలం పెంచే ఐసో-8 రాళ్లు మాత్రం కుప్పలుగా వస్తాయి. వాటిని ఏరుకుంటూ, అమర్చుకుంటూ మెనూల్లో గడపడం పిల్లలకు విసుగు. మా ఇంట్లో ఆ పని రాత్రి వాళ్లు పడుకున్నాక నేనే చేసేవాణ్ని.

ఇన్ఫినిటీ ట్రయల్స్ అని పరీక్షలుంటాయి. కథలో దాటొచ్చిన పోరాటాలే గడువులు, కొత్త షరతులు పెట్టి మళ్లీ ఇస్తారు. మాగ్నెటో, లోకి, చివరికి థానోస్ కూడా వీటితోనే మన చేతికి వస్తారు. కొత్త దుస్తులూ ఇక్కడే. కథ ముగిశాక మా అమ్మాయిని ఇంకో రెండేళ్లు ఆడించినవి ఇవే.

అదనపు ప్యాక్‌లు మూడూ కలిపి ఇరవై డాలర్లు. మొదటిది 2019 సెప్టెంబరు చివర్లో వచ్చింది. అందులో బ్లేడ్, మూన్ నైట్, పనిషర్, మోర్బియస్. డిసెంబరులో ఫీనిక్స్, గాంబిట్, ఐస్‌మ్యాన్, కేబుల్. కొత్తవాళ్లంతా అడుగు నుంచి మొదలవుతారు కాబట్టి పైన చెప్పిన బాధే మళ్లీ. మొదటి రెంటిలో కొత్త కథ లేదు, కొత్త ఆట మోడ్‌లే. కొత్త కథ ఉన్నది మూడోదైన ఫెంటాస్టిక్ ఫోర్ ప్యాక్‌లో, విలన్ డాక్టర్ డూమ్‌తో. లాక్‌డౌన్‌లో అది మాకు అన్నం పెట్టినట్టే ఉండింది కాబట్టి నా లెక్క పక్షపాతం కావచ్చు. అయినా ఒకసారి కథ ముగించి, ఇంకా ఆడాలని ఇంట్లో ఇద్దరైనా అడిగితేనే కొనండి. సైక్లాప్స్, కొలోసస్ ఉచితంగానే వస్తారు.

ఎవరికి చెబుతాను? ఇంట్లో ఇద్దరికి తక్కువ కాకుండా ఆడేవాళ్లుంటే తప్పకుండా కొనమంటాను. చిన్నపిల్లలుంటే సులువైన ఫ్రెండ్లీ స్థాయిలో పెట్టండి. దాని పై స్థాయి మైటీలో బాస్‌లు పిల్లల్ని ఏడిపిస్తారు. సుపీరియర్ స్థాయి కథ ముగించాకే తెరుచుకుంటుంది, అది పెద్దవాళ్లకే. ఒంటరిగా ఆడేవాళ్లకు నేను చెప్పలేను. పిల్లలు బడికెళ్లాక నేనొక్కణ్నే చాలాసార్లు పెట్టి చూశాను. గేమ్ నడిపే ముగ్గురు హీరోలు కుదురుగానే కొడతారు, కానీ గంటకే ఆపేసేవాణ్ని.

నాన్నగారు ఆ ఏడాది ఆగస్టులో వందే భారత్ విమానంలో తిరిగి వెళ్లారు. అప్పటి నుంచి ఆ సేవ్‌లో (మేం దాచుకున్న పాత ఆటలో) హల్క్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఈ వేసవిలో అబ్బాయి సొంతంగా కొత్త సేవ్ మొదలుపెట్టుకున్నాడు. పాతది చెరిపెయ్యనా అని నేనడిగితే వద్దన్నాడు. సంక్రాంతికి తాతయ్య వస్తున్నారు, హల్క్ లెవెల్ ఎక్కడ ఆగిందో అక్కడే ఉండాలట.