సాంగ్‌కిక్‌తో ఏడు నెలలు: పుట్టిన ఊళ్ళోనే కొత్త పాటల వేట

పుట్టి పెరిగిన ఊరు కదా, ఇక్కడ ఏం జరుగుతుందో నాకు తెలియకపోవడమేమిటి అనుకునేదాన్ని. మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన అమ్మాయి వేరే ఊరి నుంచి వచ్చింది. ఒక శుక్రవారం డ్యూటీ దిగుతూ, "అక్కా, ఈ శని ఆదివారాలు ఇక్కడ పాటల ప్రోగ్రాములు ఏమైనా ఉన్నాయా? నాటకమైనా పర్వాలేదు" అని అడిగింది. నా నోట ఒక్క పేరూ రాలేదు. రెండు పెద్ద హాళ్ళ పేర్లు చెప్పాను, అక్కడ ఏం జరుగుతోందో మాత్రం చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక కూడా అది మనసులోంచి పోలేదు.

చిన్నప్పుడు మా ఇంట్లో ఇలా ఉండేది కాదు. పేపర్లో "నగరంలో నేడు" అని ఒక మూల చిన్న పెట్టె కట్టి వేసేవారు. నాన్న పొద్దున్నే మొదట అదే చదివేవారు. నచ్చినదాని కింద పెన్నుతో గీత గీసి, సాయంత్రం మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఎవరు పాడతారో, ఎలా పాడతారో ఆయనకూ తెలిసేది కాదు. ఆ పెట్టె చేసిన పని ఇప్పుడు ఫోన్లో ఎవరు చేస్తారా అని వెతుకుతుంటే సాంగ్‌కిక్ దొరికింది. ఏడు నెలలుగా వాడుతున్నాను.

ముందు ఇది ఏమిటో చెబుతాను. సంగీత కచేరీలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించే యాప్, వెబ్‌సైట్. 2007లో లండన్‌లో మొదలైంది. 2017లో వార్నర్ మ్యూజిక్ చేతికి వెళ్ళింది, 2025 చివర్లో సునో సంస్థ కొనుక్కుంది. సునో అంటే కృత్రిమ మేధతో పాటలు తయారుచేసే సంస్థ. మనుషులు స్టేజి మీద నిలబడి పాడే కార్యక్రమాల జాబితా ఇప్పుడు వాళ్ళ చేతిలో ఉంది కాబట్టి, ఆ జాబితాను శ్రద్ధగా చూసుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను. మనం డబ్బేమీ కట్టక్కర్లేదు. మన ఊరు ఎంచుకోవాలి, మనకిష్టమైన గాయకులను, బ్యాండ్లను ఫాలో కావాలి. వాళ్ళు మన ఊళ్ళో కచేరీ ప్రకటించగానే ఫోన్‌కో మెయిల్‌కో కబురు వస్తుంది. టికెట్ కావాలంటే అమ్మేవాళ్ళ పేజీకి తీసుకెళ్తుంది. ఒకటి కంటే ఎక్కువ ఊళ్ళు కూడా పెట్టుకోవచ్చు. మా చెల్లెలి ఊరు కూడా అందులో పెట్టాను, వెళ్ళినప్పుడు పనికొస్తుందని.

మొదటి నెల నేను దీన్ని సరిగ్గా వాడుకోలేదు. పాటలు వినే యాప్ స్పాటిఫైతో కలిపితే మనం వినేవాళ్ళందరూ ఒక్కసారిగా ఆ లిస్టులోకి వచ్చేస్తారు. కలిపాను, 200 పైగా పేర్లు చేరాయి. ఇక కబుర్లే కబుర్లు అనుకున్నాను. మూడు వారాల్లో వచ్చింది ఒక్కటి, అదీ ఇదివరకే రెండుసార్లు చూసిన బ్యాండ్. కాస్త ఆలోచిస్తే సంగతి అర్థమైంది. ఎవరినైనా ఫాలో కావాలంటే ముందు వాళ్ళ పేరు తెలిసుండాలి కదా. నేను వెతుకుతున్నది పేరు తెలియనివాళ్ళని! ఫాలో అయిన కొద్దీ నా పాత లోకమే మళ్ళీ నా ముందుకు వస్తోంది.

అప్పుడు పద్ధతి మార్చాను. ఈ రివ్యూ రాస్తున్నది కూడా ఆ మార్పు గురించి చెప్పడానికే.

కబుర్ల కోసం ఎదురుచూడటం మానేసి, యాప్‌లో మన ఊరి కార్యక్రమాలన్నీ తేదీల వారీగా ఉండే జాబితా తెరవడం మొదలుపెట్టాను. ప్రతి ఆదివారం రాత్రి డ్యూటీ చార్టు పక్కన పెట్టుకుని కూర్చుంటాను. నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. ఒక వారం మధ్యాహ్నం రెండింటికి దిగుతాను, ఒక వారం రాత్రి పదింటికి. ఖాళీ ఉన్న సాయంత్రాలు ముందు టిక్కు పెట్టుకుంటాను. ఆ రోజుల్లో ఉన్న పేర్లలో నాకు తెలిసినవాటిని పక్కన పెడతాను. మిగతావాళ్ళవి తలా ఒక్క పాట వింటాను. ఒక్కటే, అదీ చివరిదాకా. ముప్పై సెకన్లు విని తీసేస్తే నెమ్మదిగా మొదలయ్యే పాటలకు అన్యాయం జరుగుతుందని నాకు అనుభవం మీద తెలిసింది. నాలుగైదు పేర్లు విన్నాక ఒకటి ఎంచుకుంటాను. మొత్తం గంటలోపే అయిపోతుంది.

ఇందులో నాకు బాగా ఉపయోగపడిన సంగతి ఇంకోటుంది. ఒక్కో కళాకారుడి పేజీలో రాబోయే కచేరీలతో పాటు అయిపోయినవి కూడా ఉంటాయి. పేరు తెలియనివాళ్ళు అంతకుముందు ఏ హాళ్ళలో పాడారో చూస్తే, వాళ్ళ తరహా కొంత తెలుస్తుంది. అలాగే హాలు పేజీ తెరిస్తే అక్కడికి ఎలాంటివాళ్ళు వస్తుంటారో కనిపిస్తుంది. నేను ఇప్పుడు గాయకుల కంటే హాళ్ళనే ఎక్కువ గమనిస్తున్నాను. మా ఊళ్ళో వంద మంది కూడా పట్టని చిన్న హాలు ఒకటుంది. దాన్ని నడిపేవాళ్ళకి మంచి చెవి ఉంది. వాళ్ళు ఎవరిని పిలిచినా కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు అన్న నమ్మకం కుదరడానికి నాకు మూడు కార్యక్రమాలు పట్టింది.

ఆ హాల్లో ఒక మంగళవారం సంగతి చెప్పాలి. యాప్‌లో ఆ రోజుకి మూడు పేర్లున్నాయి. పెద్దక్షరాల్లో ఉన్న బ్యాండ్ పాట విన్నాను, ఫర్వాలేదనిపించింది. మొదట పాడేవాళ్ళ గురించి ఏమీ తెలియదు. ఏడింటికి అని ఉంటే ఏడింటికే వెళ్ళాను. అది తలుపులు తీసే టైమట, పాట మొదలయ్యేది ఎనిమిదింటికి! టికెట్ మీద "డోర్స్" అని ఉంటే అర్థం అదేనని అప్పుడే తెలిసింది. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. కానీ గంట ముందు వెళ్ళడం వల్ల ముందు వరసలో కూర్చున్నాను, సౌండ్ చెక్ కూడా విన్నాను. ఒకమ్మాయి చెల్లో (వయొలిన్ లాంటిదే, కాకపోతే చాలా పెద్దది) పట్టుకుని వచ్చింది. పక్కన ఇంకొకరు, చేతిలో ఏ వాయిద్యమూ లేదు, గొంతు ఒక్కటే. హాల్లో ఇరవై మందిమి ఉన్నామేమో. ఆమె కమాను తీగ మీద పెట్టి లాగితే ఆ నాదం నేను కూర్చున్న కుర్చీ చెక్కలోంచి వీపుకి తెలిసింది. రెండో పాట మధ్యలో ఇద్దరూ ఒక్కసారి ఆగిపోయారు. ఊపిరి తీసుకున్నంతసేపు నిశ్శబ్దం. మళ్ళీ ఇద్దరూ ఒకే క్షణాన అందుకున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఇంత పని జరుగుతోంది మా ఊళ్ళో, మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో!

చాలామంది పెద్ద బ్యాండ్ టైముకే వస్తారు. మొదట పాడేవాళ్ళను వినకుండా పోగొట్టుకుంటారు. దయచేసి అలా చేయకండి. కొత్తవాళ్ళకు హాలు తలుపు తెరుచుకునేది ఎక్కువగా ఆ మొదటి అరగంటలోనే.

అయిపోయాక వాళ్ళు బయట బల్ల దగ్గర నిలబడితే వెళ్ళి మాట్లాడాను. నెలకోసారి ఒక పుస్తకాల షాపు పైగదిలో మరో నలుగురితో కలిసి వాయిస్తామని చెప్పారు. అది ఏ యాప్‌లోనూ లేదు. కాగితం మీద మెయిల్ అడ్రస్ రాసిస్తే కబురు పంపుతారు. రాశాను. ఆ పైగదికి వెళ్తే అక్కడ ఒక చిత్రకారుడు కలిశాడు. ఆయన వల్ల ఒక గ్యాలరీ ప్రారంభోత్సవానికి వెళ్ళాను. ప్రారంభం రోజున ఎవరైనా లోపలికి వెళ్ళొచ్చని, గీసినవాళ్ళే పక్కన నిలబడి మాట్లాడతారని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. గాజు తలుపు బయట నుంచి చూసి, మనకెందుకులే అని నడిచిపోయేదాన్ని.

సాంగ్‌కిక్ కచేరీల కోసం కట్టింది. నాటకం, నృత్యం, చిత్రకళ కావాలంటే వేరే దారులు వెతుక్కోవాలి. ఆ దారుల్లో ఒక దెబ్బ తిన్నాను. అన్ని రకాల కార్యక్రమాలూ చూపించే ఇంకో యాప్‌లో (పేరు చెప్పను) ఒక నాటకం చూసి, డ్యూటీ మార్చుకుని మరీ వెళ్ళాను. హాలుకి తాళం. వాచ్‌మన్, "అది పోయిన వారమే అయిపోయిందమ్మా" అన్నాడు. తేదీ తప్పు వేశారు. టికెట్ అక్కర్లేని ప్రదర్శన కాబట్టి ముందుగా తెలిసే అవకాశమూ లేకపోయింది. ఆ రోజు నా డ్యూటీ చేసిన మనిషి తన పిల్లాడి పుట్టినరోజు సాయంత్రం వదులుకుంది. అందుకే నాకు ఇప్పటికీ బాధ తగ్గలేదు. అప్పటి నుంచి ఏ యాప్‌లో చూసినా సరే, హాలువాళ్ళ సొంత పేజీలో ఒకసారి సరిచూసుకుంటాను. లేకపోతే ఫోన్ చేసి అడుగుతాను. రెండు నిమిషాల పని.

నాటకాలు, మ్యూజియంల కోసం నేను చేసుకున్న ఏర్పాటు వేరు. కొన్ని తేదీలు చాలా దేశాల్లో ఒకేసారి జరుపుతారు, ఆ రోజుల్లో ఏ ఊళ్ళోనైనా ఏదో ఒకటి జరిగే అవకాశం ఎక్కువ. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం, 1962 నుంచి జరుగుతోంది. ఏప్రిల్ 30 అంతర్జాతీయ జాజ్ దినోత్సవం, యునెస్కో పెట్టింది, మొదటిసారి 2012లో. మే 18 మ్యూజియం దినోత్సవం. జూన్ 21న వీధుల్లో, పార్కుల్లో ఉచితంగా పాడుకునే సంగీత పండుగ, 1982లో ఫ్రాన్స్‌లో మొదలై చాలా దేశాలకు పాకింది. డ్యూటీ చార్టు వేసేవాళ్ళకి ఈ నాలుగు తేదీలూ ముందే రాసిచ్చాను. మా ఊళ్ళో ఏమున్నాయో వెతకడానికి ఆ వారం ముందు నుంచీ సమయం పెట్టుకుంటాను.

సాంగ్‌కిక్‌కి తోడుగా వాడేవి ఇంకో రెండు. ఒకటి బ్యాండ్‌క్యాంప్. 2008లో మొదలైన ఈ సైట్‌లో కళాకారులు తమ పాటలు తామే అమ్ముకుంటారు. చాలామంది పేరు కింద ఊరు రాసుకుంటారు కాబట్టి, మన ఊరి పేరుతో వెతికితే ఇక్కడే ఉండి పాటలు చేసేవాళ్ళు బయటపడతారు. నేను మొదటిసారి వెతికినప్పుడు రాత్రి ఒంటిగంట దాకా లేవలేదు. వాళ్ళ పేర్లు తెచ్చి సాంగ్‌కిక్‌లో ఫాలో అయ్యాను. అప్పటి నుంచి అందులో వచ్చే కబుర్లకు ఒక అర్థం వచ్చింది. రెండోది సోఫార్ సౌండ్స్. 2009లో లండన్‌లో ఒక ఇంటి గదిలో మొదలైంది. ఎవరు పాడతారో ముందుగా చెప్పరు, చోటు కూడా తేదీ దగ్గర పడ్డాకే చెబుతారు. తక్కువ మంది, దగ్గరగా కూర్చుని, మాట్లాడకుండా వింటారు. అన్ని ఊళ్ళలో లేదు. మీరున్నచోట ఉంటే మాత్రం ఒక్కసారైనా వెళ్ళండి. పేరు చూసి ఎంచుకునే అలవాటు అక్కడ పూర్తిగా వదిలేయాల్సిందే, అందుకే నాకు నచ్చింది.

ఈ ఏడు నెలల్లో మొత్తం 19 కార్యక్రమాలకు వెళ్ళాను. అందులో 11 సాంగ్‌కిక్ జాబితా నుంచి, మిగతావి మనుషుల ద్వారా తెలిసినవి. ఐదు నచ్చలేదు. ఒకటైతే సగంలో లేచి వచ్చేశాను, చెవులు గింగిర్లెత్తాయి. ఆ తర్వాత నుంచి బ్యాగులో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటున్నాను. పెద్ద స్పీకర్ల హాళ్ళకు వెళ్ళేవాళ్ళంతా పెట్టుకోవాలి. ఆసుపత్రిలో పనిచేసే మనిషిగా ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

నా మార్కులు ఐదుకి నాలుగు. ఊరికే ఇన్‌స్టాల్ చేసి కబురు వస్తుందని కూర్చునేవాళ్ళకైతే ఇంత ఇవ్వను, వారానికి ఒక గంట కేటాయించి ఊరి జాబితా మొత్తం తిరగేసేవాళ్ళకి ఈ మార్కులు. ఇష్టమైన పెద్ద గాయకుడి కచేరీ మిస్ కాకూడదు అనేవాళ్ళకి అది కూడా అవసరం లేదు, పేర్లు పెట్టి వదిలేస్తే చాలు.

రాబోయే గురువారం పుస్తకాల షాపు పైగదిలో చెల్లో అమ్మాయి వాయిస్తోంది. ఆ రోజు రాత్రి పదింటికి దిగే షిఫ్టు ఉంటే మార్చుకున్నాను. మా డిపార్ట్‌మెంట్ అమ్మాయికి చెబితే, "అక్కా, ఇవన్నీ మీకెలా తెలుస్తాయి?" అంది. ఫోన్ చూపించాను. అక్కడ ముప్పై కుర్చీలే ఉంటాయి, ఏడున్నరకల్లా వెళ్ళాలి.